పేర్లు రాయని ఓటు

అల్విన్ లైస్ట్‌నర్ బ్రష్షును కళ్లతో చూడడు, బొటనవేలితో చూస్తాడు. శనివారం పొద్దున్నే ఫ్యాక్టరీ వెనకగదిలో పొడవాటి బల్ల వెనక నిలబడి, ఆడవాళ్లు వీపుబుట్టల్లోంచి తీసి పెట్టిన బ్రష్షుల్ని ఒక్కొక్కటే అందుకుని, వెంట్రుకల మీద బొటనవేలు గట్టిగా ఒక్కసారి రాస్తాడు. ఒక్క వెంట్రుక ఊడి వచ్చినా ఆ డజను మొత్తం వెనక్కి. ఆ విద్య అతనికి ఏ మేస్త్రీ నేర్పలేదు. ఆరేళ్ల వయసు నుంచి తల్లి పక్కన పొయ్యి దగ్గర కూర్చుని, చిల్లుల పలకలోకి పంది వెంట్రుకల కట్టను తీగతో లాగి బిగించినవాడు అతను. తల్లి వేళ్లు తీగ కోసి రక్తం వస్తే, బ్రష్షుకు మరక అంటకుండా ముందు బ్రష్షు తుడిచి తర్వాత వేలు తుడుచుకోవడం కూడా చూశాడు.

ష్టైన్‌గ్రూన్‌లో బంగాళాదుంప తప్ప ఏదీ సరిగ్గా పండదు. అందుకే సాక్సనీ కొండల్లోని ఆ ఊళ్లో ఏ ఇంటి తలుపు తోసినా ఒక ఆడమనిషి ఒళ్లో చిల్లుల పలక పెట్టుకుని కనిపిస్తుంది. వాళ్లు వంచిన నడుముల మీదే లైస్ట్‌నర్ ఎత్తుకు ఎదిగాడు. పద్నాలుగేళ్లకు దుకాణంలో చేరి, పాతికేళ్లకు నమూనాల పెట్టె పట్టుకుని రైళ్లలో తిరిగి, ముప్ఫై దాటాక మూతపడబోతున్న చిన్న కార్ఖానాను తీసుకున్నాడు. పెద్ద యుద్ధం ఊరి మగవాళ్లను పట్టుకుపోయింది. లైస్ట్‌నర్‌కు మాత్రం సైన్యపు గుర్రాలను తోమే బ్రష్షుల ఆర్డరు తెచ్చిపెట్టింది. నలభై ఎనిమిదేళ్లు వచ్చేసరికి రెండంతస్తుల ఇటుక భవనం, దానిమీద తన పేరు, లోపల పద్నాలుగు మంది పనివాళ్లు. బయట ఇళ్లల్లో కూర్చుని పనిచేసేవాళ్లు అరవై మూడు మంది ఆడవాళ్లు. ఆ అరవై మూడు మంది లేకపోతే లోపలి పద్నాలుగు మందికి చెయ్యడానికి ఏమీ ఉండదు. అయినా ఫ్యాక్టరీ అంటే లోపలివాళ్లే.

1928లో చలి తగ్గుముఖం పడుతుండగా కెమ్నిట్జ్ నుంచి క్నోబ్లోఖ్ అనే పెద్దమనిషి వచ్చాడు. చిన్న వ్యాపారుల పార్టీకి ఆ జిల్లాలో అతనే అధ్యక్షుడు, బెర్లిన్ పార్లమెంటులో సభ్యుడు కూడా. చిన్న వ్యాపారుల పార్టీ అన్న మాటే గానీ, అతనికి పదకొండు అద్దె ఇళ్లు ఉన్నాయి.

"మీరు కింది నుంచి పైకి వచ్చిన మనిషి," అన్నాడు క్నోబ్లోఖ్, లైస్ట్‌నర్ భార్య హెలీన పెట్టిన కాఫీలో చక్కెర కలుపుకుంటూ. "మా జాబితాలో అలాంటివాడు ఒక్కడూ లేడు. అందరం పైనే పుట్టాం. మూడో పేరు మీది వేస్తాను. ముగ్గురం గెలుస్తాం."

"నాకు మాట్లాడటం రాదండీ."

"మాట్లాడక్కర్లేదు. కనిపిస్తే చాలు. ఆడవాళ్ల ఓట్లు మీరు తెస్తారు."

అక్కడ ఓటరు మనిషిని చూసి ఓటెయ్యడు, పార్టీ జాబితాకు వేస్తాడు. జాబితాలో ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అన్నది పార్టీ చేతిలో ఉంటుంది. ఆ సంగతి లైస్ట్‌నర్‌కు అప్పుడు తెలుసు గానీ, దాని బరువు తెలియదు.

చలికాలంలో ష్టైన్‌గ్రూన్ ఆడవాళ్లు సాయంత్రమయ్యేసరికి ఒకే ఇంట్లో చేరతారు. ఒక దీపం, ఒక పొయ్యి, పదిమంది పని. ఆ గదిలోకి ఎవరైనా రావచ్చు గానీ ఉత్త చేతులతో కూర్చోకూడదు. పాస్టరుగారి భార్య వచ్చినా అల్లికసూదులు తెచ్చుకోవాల్సిందే. ఆ వారం వంతు మినా ట్రేగర్ ఇంటిది. మినా లైస్ట్‌నర్‌తో ఒకే బెంచీ మీద చదువుకుంది. ఆమె మొగుడు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ఆ ఊళ్లో అతన్ని ఒకసారి 'దొరగారూ' అని, మరుక్షణం 'నువ్వు' అని పిలవగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

లైస్ట్‌నర్ టోపీ తీసి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రండి దొరగారూ," అంది మినా, పని ఆపకుండానే. "కుర్చీ ఖాళీగానే ఉంది. చేతులు ఖాళీగా ఉంటే మాత్రం కుదరదు."

"పలక ఇటియ్యి."

కోటు విప్పి కూర్చున్నాడు. కట్ట తీశాడు, తీగ మెలిపెట్టాడు, లాగాడు. మొదటి చిల్లు దగ్గర తడబడ్డాడు. నాలుగో చిల్లుకు వేళ్లు వాటంతట అవే నడిచాయి. గదిలో నవ్వులు.

"వేళ్లు మర్చిపోలేదే తల్లీ," అంది అరవై అయిదేళ్ల లీనా. ఆ గదిలో అందరికన్నా పెద్దది ఆమే.

"నోరు మర్చిపోయిందేమో చూద్దాం," అంది మినా. "అల్వినూ, నీ పార్టీ సంగతి మాకొద్దు. ఒక్కటే అడుగుతాను. పని దొరకని వారాల్లో సర్కారు ఆఫీసు మాకు భృతి ఇస్తోంది. నిరుడేగా మొదలైంది, ఇప్పుడే తీసేస్తారట. ఇంట్లో కూర్చునేదానికి పని పోవడమేంటి అంటున్నారట పెద్దలు. నిజమేనా?"

"అనేవాళ్లు ఉన్నారు."

"నువ్వేమంటావు?"

"మా అమ్మ చేసింది పని కాదని నా ముందు ఎవడంటాడో చూస్తాను."

"అది కోపం. నేనడిగింది ఓటు."

లైస్ట్‌నర్ తీగ బిగించి తలెత్తాడు. "ఆ రోజు వస్తే మీ తరఫునే వేస్తాను."

"అయితే చెయ్యి ఇయ్యి."

ఆ ఊళ్లో చెయ్యి కలిపాక మళ్లీ కాగితం రాసుకోరు. అతను మినా చేతిలో చెయ్యి పెట్టాడు. తర్వాత లీనా చెయ్యి చాపింది. ఆమె పక్కనున్నామె కూడా. గదిలో ఉన్న పదకొండు మందితోనూ చెయ్యి కలిపాడు. ఆ మాట అతను అబద్ధంగా ఇవ్వలేదు. అదే ఈ కథలో చేదు.

మే నెలలో గెలిచాడు. ముగ్గురూ గెలిచారు.

ప్రభుత్వం ఇచ్చిన ఉచిత పాసుతో మొదటి తరగతి పెట్టెలో బెర్లిన్ వెళ్లాడు. మెత్తటి సీటు మీద ఎంతసేపు కూర్చున్నా నడుము సర్దుకోలేదు. పార్లమెంటులో అతనికి వెనక వరసలో చోటిచ్చారు. ఏడాదిలో ఒక్కసారి మాట్లాడాడు, విదేశాల నుంచి వచ్చే చవక బ్రష్షుల మీద సుంకం పెంచాలని. నాలుగు వాక్యాలు అయ్యాయో లేదో ఎదుటి బెంచీల్లోంచి ఎవరో కేకేశారు: "ఈ సభ దుమ్ము దులపడానికి మీ ఫ్యాక్టరీ మొత్తం చాలదండీ." సభంతా నవ్వింది. లైస్ట్‌నర్ కూడా నవ్వాడు. మర్నాడు అచ్చులో తన ప్రసంగం కింద బ్రాకెట్లలో 'నవ్వులు' అని చూసుకున్నాక రొట్టె పళ్లెం పక్కకు నెట్టేశాడు.

ఊళ్లో మాత్రం వేరే సంగతి. ఇంటి ముందు ఇత్తడి పలక మీద పేరు పక్కన 'పార్లమెంటు సభ్యుడు' అని చెక్కించాడు. రైలు దిగితే స్టేషన్ మాస్టరు టోపీ తీస్తాడు. సత్రంలో అతను వచ్చేదాకా బీరు పొయ్యరు. ఒకప్పుడు అతన్ని వెనక గుమ్మంలో నిలబెట్టిన టోకు వ్యాపారులు ఇప్పుడు ముందు గదిలో కూర్చోబెట్టి చుట్ట ఇస్తున్నారు. ముప్ఫై ఏళ్లు తిరిగినా రాని గౌరవం ఒక్క జాబితాలో మూడో పేరు తెచ్చిపెట్టింది. అది అతనికి అలవాటయింది.

"ఇక నుంచి సూపు కూడా లేచి నిలబడి వడ్డించాలా మీకు?" అనేది హెలీన.

"వేళాకోళం చాలు."

"వేళాకోళం కాదు. అడుగుతున్నాను, తెలుసుకోవాలిగా."

మరుసటి ఏడాది ఆకులు రాలే రోజుల్లో ఆ బిల్లు వచ్చింది. అందులో ఒక చిన్న అంశం: ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లను నిరుద్యోగ భృతి నుంచి తీసెయ్యాలి. ఆ అంశం రాసినవాళ్లలో ఒక్కడికీ వేలు తీగకు తెగిన గుర్తు లేదు. ఇంట్లో చేసేది పని కాదని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఇంట్లో ఇంకొకరి చేత పని చేయించుకునేవాళ్లే.

ఓటింగు రోజు పొద్దున పార్టీ సభ్యులు ఒక గదిలో చేరారు. అందరూ 'అవును' అనాలని తీర్మానం. లైస్ట్‌నర్ చెయ్యి ఎత్తాడు.

"నేను మాటిచ్చానండీ."

"ఎవరికి?" అన్నాడు క్నోబ్లోఖ్.

"మా ఊరి ఆడవాళ్లకి."

"పని ఇస్తున్నారు కదా. మాట కూడా ఇచ్చారా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. క్నోబ్లోఖ్ నవ్వలేదు. లైస్ట్‌నర్ భుజం మీద చెయ్యి వేసి కిటికీ దగ్గరకు తీసుకుపోయాడు.

"చూడండి. వచ్చే ఎన్నికల జాబితా నేనే రాస్తాను. మీ పేరు రెండో చోట రాయొచ్చు, తొమ్మిదో చోట కూడా రాయొచ్చు. తొమ్మిదోవాడు ఇంట్లో కూర్చుంటాడు. ఇంట్లో కూర్చునేవాళ్లకు ఏమీ రాదని మనం ఇవాళే కదా తేలుస్తున్నాం."

"అచ్చులో నా పేరు వస్తే ఊళ్లో తలెత్తుకోలేను."

"పేరెందుకొస్తుంది? పేర్లు పిలిచి వేసే ఓటింగు ఈ అంశానికి ఎవరూ అడగలేదు. లేచి నిలబడటం, కూర్చోవడం. అంతే."

లైస్ట్‌నర్ వెళ్లి తన చోట్లో కూర్చున్నాడు.

మధ్యాహ్నం స్పీకరు, అంశానికి ఒప్పుకునేవాళ్లు లేవండి అన్నాడు. పార్టీ వరస మొత్తం లేచింది. లైస్ట్‌నర్ రెండు చేతులూ డెస్కు మీద ఆనించి నడుము ఎత్తాడు గానీ మోకాళ్లు నిటారు కాలేదు. అలాగే ఉండిపోయాడు, లేచినట్టూ కాదు, కూర్చున్నట్టూ కాదు. అలాంటివాళ్లు సభలో ఇంకొందరు కూడా ఉన్నారేమో, వేదిక మీద లెక్కపెట్టేవాళ్లకు లెక్క తేలలేదు. అలాంటప్పుడు సభను ఖాళీ చేయించి అందరినీ మళ్లీ లోపలికి నడిపిస్తారు. తలుపులు మూడు: ఒకదాని మీద 'అవును', ఒకదాని మీద 'కాదు', ఒకదాని మీద 'తటస్థం'. ఎవరు ఏ తలుపులోంచి వస్తే అది వాళ్ల ఓటు. దానికి సభ్యులే పెట్టుకున్న పేరు గొర్రెల గెంతు. ఒక్కో తలుపు దగ్గర ఇద్దరు నిలబడి తలలు లెక్కపెడతారు. పేర్లు ఎవరూ రాయరు.

వరండాలో గుంపు కదిలింది. లైస్ట్‌నర్ గోడకు ఆనుకున్నాడు. 'కాదు' తలుపు పదిహేను అడుగుల దూరం. అక్కడ కార్మికుల పార్టీవాళ్లు జోకులేసుకుంటూ లోపలికి పోతున్నారు. 'తటస్థం' తలుపు దగ్గర ఒక ముసలి పాస్టరు తప్ప ఎవరూ లేరు. 'అవును' తలుపు పక్కన క్నోబ్లోఖ్ చుట్ట వెలిగించుకుంటున్నాడు. లైస్ట్‌నర్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే కోపమైనా వచ్చేదేమో. ఇత్తడి పలక, స్టేషన్ మాస్టరు టోపీ, ముందు గదిలో కుర్చీ. మినా మొహం కూడా గుర్తొచ్చింది. ఆ మొహం ఇక్కడ లేదు.

లెక్కపెట్టేవాడు అతని భుజం పక్కన "నూట డెబ్భై ఆరు" అన్నాడు. 'అవును' తలుపు దగ్గర అతని గురించి అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

శనివారం వెనకగదిలో ఆడవాళ్లు బుట్టలు దించలేదు. మినా ముందు నిలబడింది.

"ఏ తలుపు అల్వినూ? పేపర్లో రాశారు, తలుపుల్లోంచి నడిపించారట."

"'కాదు' తలుపు," అన్నాడు లైస్ట్‌నర్. అంత తేలిగ్గా వస్తుందని అతనూ అనుకోలేదు. "ఒక్కణ్ణి ఏం చెయ్యను చెప్పు. వాళ్లు ఎక్కువమంది."

లీనా కళ్లు తుడుచుకుంది. "మనవాడు మనకే వేశాడమ్మా. అది చాలు."

మరుసటి శనివారం ఇంటికి గుప్పెడు చొప్పున పిండి పోగేసి, గసగసాల కేకు చేసి తెచ్చారు. హెలీన ముక్కలు కోసి అతని ముందు పెట్టింది. ఒక ముక్క తిన్నాడు.

"ఏంటది, గొంతులో ఆగిందా?" అంది హెలీన.

"పొడిగా ఉంది."

"నాకు బానే ఉంది," అని అతని మొహం చూస్తూ ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది.

ఆ చలికాలం ఆర్డర్లు సగమయ్యాయి. తర్వాత ఆరు వారాలు అసలే లేవు. ఆడవాళ్లు కొండ దిగి భృతి ఆఫీసుకు వెళ్తే గుమాస్తా పుస్తకం కూడా తెరవలేదు. మీరు ఇంట్లోనే ఉన్నారుగా, మీ పని ఎక్కడికి పోయిందమ్మా అన్నాడు. బంగాళాదుంపల మీద అవిసెనూనె పోసుకు తినేవాళ్లు ఉప్పు చల్లుకు తిన్నారు. లీనా కుట్టుమిషను అమ్మేసింది. అయినా లైస్ట్‌నర్ ఎదురైతే తల వంచి నమస్కారం పెట్టేవాళ్లు. ముంచినవాళ్లు బెర్లిన్‌లో ఎక్కడో ఉన్నారు, ఇతను మాత్రం మనవాడు. ఆ నమస్కారాలు రాళ్లయినా బాగుండేది, తప్పుకుని ఉండేవాడు. మరుసటి సెప్టెంబరులో మళ్లీ ఎన్నికలొస్తే అతని పేరు జాబితాలో రెండోది. ష్టైన్‌గ్రూన్ ఆడవాళ్లు గుంపుగా వెళ్లి ఆ జాబితాకే ఓటేసి వచ్చారు. అతను మళ్లీ గెలిచాడు.

చిక్కు ఆ తర్వాతి ఫిబ్రవరిలో వచ్చింది, అదీ నమ్మకం వల్లే. మినా అందరి చేతా ఒక అర్జీ రాయించింది. భృతి తిరిగి ఇవ్వాలని అరవై మూడు సంతకాలు. అది పట్టుకుని శనివారం బల్ల దగ్గరకు వచ్చింది.

"చివర ఒక వాక్యం రాశాం," అంది. "'మా చేత పని చేయించే యజమాని, పార్లమెంటు సభ్యుడు, స్వయంగా మా తరఫున ఓటేశారు' అని. కింద నువ్వో సంతకం పెట్టు. యజమానే ఒప్పుకున్నాడంటే వాళ్లకు నోరు లేస్తుందా?"

లైస్ట్‌నర్ కాగితం చదివాడు. ఇది బెర్లిన్ చేరితే క్నోబ్లోఖ్ చూస్తాడు. ఆ రోజు ఎవరు ఏ తలుపులోంచి వచ్చారో క్నోబ్లోఖ్‌కు తెలుసు. సంతకం పెడితే పార్టీ అంతా నవ్వుతుంది, పేరు తొమ్మిదో చోటికి పోతుంది. పెట్టకపోతే ఈ అరవై మూడు మందీ ఎందుకు అని అడుగుతారు.

"కుదరదు," అన్నాడు, కాగితం జాగ్రత్తగా మడిచి వెనక్కిస్తూ. "నిబంధన ఒప్పుకోదు. సభ్యుడు తన సభకే అర్జీ పెట్టుకోకూడదు."

"నిబంధన ఉందా?"

"ఉంది."

మినా వెనకున్న ఆడవాళ్లు బుట్టలు దించుకున్నారు. ఆ కొండల్లో నిబంధన అన్నాక ఎదురు ప్రశ్న ఉండదు. ఆకలిని ప్రశ్నిస్తారు గానీ అచ్చేసిన మాటను ప్రశ్నించరు. వాళ్లను అలా తయారు చేసినవాళ్లకు అది ఎంత లాభమో లైస్ట్‌నర్‌కు ఆ క్షణంలో అర్థమైంది. ఊపిరి పీల్చుకున్నాడు.

మినా మాత్రం సోమవారం కెమ్నిట్జ్ వెళ్లింది. కార్మిక సంఘం ఆఫీసులో బల్ల ముందు కూర్చుని, ఆ నిబంధన చూపించమంది. అక్కడి మనిషి పుస్తకమంతా తిప్పి నవ్వాడు.

"అలాంటిది లేదమ్మా. సభ్యుడు ఏ కాగితం మీదైనా సంతకం పెట్టొచ్చు. ఎవరు చెప్పారు?"

ఆమె చెప్పింది. అతను నవ్వు ఆపి, బీరువాలోంచి పాత పేపర్ల కట్ట తీశాడు. చిన్న వ్యాపారుల పార్టీ సొంత పేపరు. ఓటింగు మర్నాటి సంచిక. మొదటి పేజీలో గొప్పగా వేసుకున్నారు: మా సభ్యులందరూ సభలోనే ఉన్నారు, ఒక్కరూ తప్పకుండా 'అవును' తలుపులోంచే నడిచారు.

లైస్ట్‌నర్ బెర్లిన్ సభ పుస్తకాల్లో తన పేరు రాకుండా చూసుకున్నాడు. సొంత పార్టీ డప్పు సంగతి తలపుకే రాలేదు.

శనివారం మినా ఆ పేపరు ముక్క తెచ్చి, బల్ల ముందు నిలబడి పైకి చదివింది. రెండుసార్లు చదివింది. గదిలో ముప్ఫై మంది ఉన్నారు.

"ఇది మీ పార్టీ పేపరు దొరగారూ. ఇదన్నా అబద్ధం కావాలి, మీ మాటన్నా కావాలి."

లైస్ట్‌నర్ ఆమె బుట్టలోంచి ఒక బ్రష్షు తీశాడు. బొటనవేలు రాశాడు. కొంచెం ఎక్కువ గట్టిగానే రాశాడు.

"ఊడుతోంది. ఈ డజను వెనక్కి."

రెండో డజనూ వెనక్కే. మూడో డజనులో బ్రష్షు తియ్యనేలేదు.

"నాకు చెత్త పని పనికిరాదు. ఇక ఇక్కడికి తేనక్కర్లేదు."

"పంతొమ్మిదేళ్లు తెచ్చాను."

"పేపర్లు చదువుకునేవాళ్లకు చేతిపని కుదరదు. ఆ పేపరు ఇచ్చినవాళ్ల దగ్గరకే పో."

మినా వెనక్కి తిరిగి ఆడవాళ్ల మొహాలు చూసింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని ఒక్క నిమిషం ఆగింది. లీనా ముందుకొచ్చింది. వచ్చి తన బుట్ట బల్ల మీద పెట్టింది.

లైస్ట్‌నర్ లీనా బ్రష్షుల్ని వేలు రాయకుండానే తీసుకున్నాడు.

సోమవారానికల్లా ఊళ్లో మాట తయారైంది: మినాకు సంఘంవాళ్లు డబ్బిచ్చారట, ఆ పేపరు ముక్క వాళ్లే అచ్చేయించారట. ఆ మాట లైస్ట్‌నర్ పుట్టించలేదు. ఆడవాళ్లే పుట్టించుకున్నారు. అది నమ్మకపోతే శనివారం ఆ బల్ల దగ్గరకు ఎలా వెళ్లగలరు? ఆకలితో ఉన్నవాళ్లకు నిజం ఎంత ఖరీదైనదో తిండి ఉన్నవాళ్లు లెక్కకట్టలేరు. మినాను సాయంత్రపు గదులకు పిలవడం మానేశారు. ఆమె సత్రంలో దుప్పట్లు ఉతికింది, అడవిలో పుల్లలేరింది. తన ఇంట్లో తనొక్కతే దీపం పెట్టుకుంది.

1932 జూలైలో మళ్లీ ఎన్నికలు. బెర్లిన్ సంగతులు అప్పటికే ఎవరి చేతుల్లోనూ లేవు. వీధుల్లో చేతికి స్వస్తిక గుర్తు కట్టుకున్న గోధుమరంగు చొక్కాల కవాతులు, సభలో కేకలు. చిన్న వ్యాపారుల పార్టీ ఎండలో పెట్టిన వెన్నలా కరిగిపోయింది. ష్టైన్‌గ్రూన్‌లో లైస్ట్‌నర్ జాబితాకు పదకొండు ఓట్లు వచ్చాయి.

భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ పదకొండు ఎవరివో వేళ్ల మీద లెక్కపెట్టాడు. తను, ఫ్యాక్టరీ గుమాస్తా, మేస్త్రి, పాస్టరు, సత్రం యజమాని, అతని తమ్ముడు. ఆరు. ప్రతి శనివారం తల వంచేవాళ్లు అరవై మందికి పైన. తక్కిన అయిదూ వాళ్లవేనా?

"నువ్వు వేశావుగా?" అన్నాడు హెలీనతో.

ఆమె డంప్లింగులు వడ్డిస్తోంది. "చల్లారిపోతాయి, తినండి," అంది.

అతను పళ్లెం దగ్గరకు లాక్కున్నాడు.

రైలు పాసు తిరిగి పంపేసిన రోజున మినా ఇంటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో పుల్లలు పేరుస్తోంది. కూర్చోమనలేదు.

"సోమవారం నుంచి పని పట్టుకెళ్లు," అన్నాడు.

"బదులేం కావాలి?"

"ఏమీ వద్దు. ఒకటి చెప్పడానికొచ్చాను. ఆ రోజు నేను 'అవును' తలుపులోంచే వెళ్లాను."

మినా చేతిలో పుల్లను మోకాలి మీద పెట్టి విరిచింది.

"అది చెప్పడానికి ఇంత దూరం నడిచావా? నాకు ఏడాదిన్నరగా తెలుసు అల్వినూ."

"తప్పు చేశాను."

"చేశావు. ఇక్కడ చెబితే నీ గుండె తేలికవుతుంది. నాకేమవుతుంది? నేను డబ్బు తిన్నదాన్నని ఊరంతా అనుకుంటోంది. లీనా నా వాకిలి దాటేటప్పుడు మొహం తిప్పుకుంటుంది. చిన్నప్పుడు నా జడ అల్లిన మనిషి."

"ఏం చెయ్యమంటావు?"

"ఈ మాటే ఆ బల్ల వెనక నిలబడి చెప్పు. వాళ్లందరి ముందు. అప్పుడు వచ్చి నీ పని పట్టుకెళ్తాను. అంతకుముందు నీ పలక ముట్టను."

"శనివారం చెప్తాను."

"చెయ్యి కలపమని మాత్రం అడగను," అంది మినా.

శనివారం ఆడవాళ్లు ఎప్పటిలాగే వచ్చారు. కిటికీలోంచి చూస్తే మినా ఆవరణలో గేటు పక్కన ఖాళీ బుట్టతో నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. లోపల ఎంత చిన్నగా మాట్లాడినా ఆమెకు వినిపిస్తుంది. లైస్ట్‌నర్ బల్ల వెనకకు వచ్చాడు. బ్రష్షులు అందుకోలేదు.

"ఒక్కమాట," అన్నాడు. "మూడేళ్ల కింద బెర్లిన్‌లో ఒక ఓటు... ఆ రోజు తలుపుల సంగతి మీకు చెప్పాను..."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో ఆశ్చర్యం లేదు, భయం ఉంది. పెద్దమనిషి ఇప్పుడు ఆ మాట అనేస్తే, ఏడాదిన్నరగా తాము నమ్మిందేమిటో, ఎందుకు నమ్మారో అందరి ముందూ బయటపడిపోతుంది.

"దొరగారూ," అంది లీనా. "పాత సంగతులు ఇప్పుడెందుకండీ. పొయ్యి మీద దుంపలు పెట్టి వచ్చాను, మాడిపోతాయి. బ్రష్షులు తీసుకోండి."

"లేదు, చెప్పాలి..."

"వద్దు బాబూ. మాకేం అక్కర్లేదు. వచ్చే వారం పని ఉందా లేదా, అది చెప్పండి చాలు."

లైస్ట్‌నర్ కిటికీ వైపు చూశాడు. ఆపింది లీనాయే. ఆగింది మాత్రం అతను. ఒక్క వాక్యం మిగిలింది, అయిదారు మాటలు. లీనా వద్దన్నందుకు అతని ఒంట్లో ఎక్కడో హాయిగా అనిపించింది. అది అతనికి తెలుసు.

"ఉంది," అన్నాడు. "వచ్చే వారం పని ఉంది."

చెయ్యి చాపి లీనా బుట్ట దగ్గరకు లాక్కున్నాడు. మళ్లీ కిటికీలోంచి చూసేసరికి గేటు పక్కన ఎవరూ లేరు.

పని పంచడం అయిపోయింది. ఆడవాళ్లు కొత్త పలకలు బుట్టల్లో సర్దుకుని ఆవరణలోకి దిగారు. వాళ్ల మాటలు తెరిచిన తలుపులోంచి లోపలికి వస్తూనే ఉన్నాయి.

"సాయంత్రం సత్రంలో మీటింగు ఉందట పిన్నీ, వస్తావా?"

"ఎవరిది?"

"ఆ గోధుమరంగు చొక్కాలవాళ్లది. మనలా ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ల గురించే మాట్లాడతారట. భృతి మళ్లీ ఇప్పిస్తామని మాట ఇస్తారట."

"ఎవరు మాట్లాడేది?"

"పేరు తెలీదు. కెమ్నిట్జ్ నుంచి వస్తున్నాడు. కుర్రాడే గానీ బాగా మాట్లాడతాడంటున్నారు."

"సరే, దుంపలు దించి వస్తాను," అంది లీనా. "నాకు ముందు వరసలో చోటు పట్టు. చెవులు సరిగ్గా వినబడటం లేదు."